అవ్వ ఆపాలు మాడే నెల

మొన్న సాయంత్రం పక్కింటి పిల్ల తలుపు తట్టింది. చేతిలో పెన్నుల ప్యాకెట్టు, ఇంకా చింపనిది. వారంలో ప్లస్ టూ పరీక్షలు. మాధవరంలో మేముండే అపార్టుమెంటులో ఆ పిల్లకీ నాకూ మధ్య ఒకే గోడ. వాళ్ళింట్లో చదువంతా నాకు గోడలోంచి వినిపిస్తూనే ఉంటుంది. ఈమధ్య చదువు తక్కువ, ఏడుపు ఎక్కువ వినిపిస్తోంది.

"మామ్మా, వీటిమీద చెయ్యి పెట్టి ప్రేయర్ చెయ్యవా? ఫిజిక్స్ ఒక్కటి పాసైతే చాలు," అంది.

"మీ అమ్మకి తెలుసా?" అన్నాను. వాళ్ళు పూజలు చేసుకునే మనుషులు.

"అమ్మే పంపించింది. ఆంజనేయుడి గుళ్ళో ఒక ప్యాకెట్టు పెట్టించేసింది. ఇది రెండోది."

నాకు నవ్వొచ్చింది. "పాసవుతాను కదా మామ్మా?" అని ఆ పిల్ల అడిగేసరికి నవ్వు ఆగిపోయింది. పెన్నుల మీద చేసే ప్రార్థన విషయంలో నా చరిత్ర అంత మంచిది కాదు. ఆ సంగతి చెప్పకుండా, "రేపు పొద్దున టిఫినుకి ఇక్కడికే రా, అప్పుడు తీసుకుపోదువు," అని పంపేశాను. ప్యాకెట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఎక్కడో ఆపం మాడిన వాసన తగిలినట్టయింది. లేచి వంటింట్లోకి వెళ్ళి చూశాను. పొయ్యి మీద ఏమీ లేదు.

నా చిన్నప్పుడు మేం తొండియార్‌పేటలో, రేవుకి పోయే రోడ్డు వెనక ఒక సందులో ఉండేవాళ్ళం. మా తాత వాళ్ళు ఎప్పుడో నెల్లూరు వైపు నుంచి మూటాముల్లె సర్దుకుని మద్రాసు వచ్చి రేవులో పనికి కుదిరారట. మా నాయన కూడా అక్కడే మూటలు మోసేవాడు. అమ్మ గోనె సంచుల షెడ్డులో చిరుగులు కుట్టేది. పొద్దున దబ్బనం తీసుకుని పోతే పొద్దుగూకేటప్పటికి వచ్చేది. ఆమె చీర దులిపితే గోనె నూగు, గోధుమ పొడి, ఎండుమిరపకాయల ఘాటు అన్నీ కలిసి రాలేవి. నేను ఆమెని కావలించుకోవడానికి పోయి తుమ్ములతో వెనక్కి వచ్చేదాన్ని. కాబట్టి నన్ను పెంచింది మా అవ్వ, నాయనకి అమ్మ.

అవ్వ మా గుమ్మం ముందర ఆపాలు పోసి అమ్మేది. ఇంకా పొద్దు పొడవకముందే పొయ్యిలో కట్టెలు పెట్టేది. రుబ్బిన బియ్యప్పిండి పులవడానికి కొందరు కల్లు పోస్తారట. మా అవ్వ పులిసిన కొబ్బరినీళ్ళు పోసేది. కల్లు మాట ఎత్తినవాళ్ళ మీదికి గరిటె ఎత్తేది. పిండి పులుపు, కొబ్బరిపాల తీపి, పక్క సందులో ఆరేసిన ఎండుచేపల కంపు, దూరంగా సముద్రం, ఇవన్నీ కలిస్తే మా ఇంటి పొద్దుటి వాసన. ఆ కొబ్బరిపాలలో నేను రోజూ వేలు ముంచి నాకేదాన్ని. అవ్వ తల తిప్పకుండానే, "ఇంకో యేలు పెట్టినావంటే ఆ యేలు నాదే," అనేది.

మా ఇంట్లో గడియారం లేదు. ఆపం ఎంతసేపు ఉడకాలో తెలుసుకోవడానికి అవ్వకి ఒక పద్ధతి ఉంది. చట్టిలో పిండి పోసి, గుండ్రంగా ఒకసారి తిప్పి, మూత పెట్టేది. పరలోక ప్రార్థన మొదట్నించి చివరిదాకా ఒకసారి చెప్పేది. ఆమేన్ అని మూత తీస్తే నడుమ మెత్తగా తెల్లగా, అంచు కరకరలాడుతూ ఆపం సిద్ధంగా ఉండేది. పిండి పల్చగా ఉన్నరోజు కాస్త గబగబా చెప్పేది. కట్టె తడిసి మంట సరిగ్గా లేకపోతే సాగదీసి చెప్పేది. పొద్దున్నే తినడానికి వచ్చే రిక్షావాళ్ళకీ, రేవు కూలీలకీ, వాళ్ళది ఏ మతమైనా, వినీ వినీ ఆ ప్రార్థన వచ్చేసింది. అవ్వ ఎవరితోనో మాట్లాడుతూ సగంలో ఆగితే మిగతా సగం వాళ్ళే అందించేవాళ్ళు.

ఏడాదిలో ఒక నెల మాత్రం ఆపాలు మాడేవి. అది మా పరీక్షల నెల. ఆమేన్‌కి ముందర అవ్వ నా పేరు చేర్చేది. పేరుతో ఊరుకుంటే బాగానే ఉండేది. లెక్కల టీచరు మనసు మెత్తబరచమనీ, నా తలలో ఉన్న బంకమన్ను తీసేసి కాస్త గుజ్జు పెట్టమనీ, పరీక్షరోజు నాకు కడుపునొప్పి రానీయొద్దనీ ఒక్కొక్కటే విప్పి చెప్పుకునేది. ఆమె కళ్ళు మూసుకుని ఉండగానే మూత కిందనుంచి పొగ వచ్చేది.

"ఏం పాట్టీ, పరీక్షలు వచ్చేసినాయా?" అని రిక్షాతాత ముక్కు ఎగబీల్చి అడిగేవాడు.

"వొచ్చేసినాయి నాయనా. కొంజెం ఓర్చుకో. పావం, బిడ్డ లెక్కల్లో యీకుగా ఉండాది."

మాడినవాటిని అవ్వ అమ్మేది కాదు. పక్కన పెట్టుకుని తనే తినేది, మిగిలితే మా నల్ల కోడిపెట్టకి వేసేది. ఒకటి పొరపాటున కంచంలో పడితే మా నాయన దాన్ని వేలితో పైకెత్తి, "ఇది ఆపమా, బొగ్గా?" అనేవాడు. నాయనకి మాడిన తిండి అంటే ఒళ్ళు మంట.

నేను లెక్కల్లో వీకు అనడం అవ్వ ప్రేమ. నిజానికి నాకు లెక్కలంటే బొత్తిగా రావు. భాగహారంలో కిందికి దించాల్సిన అంకె నాకెప్పుడూ దిగేది కాదు. భిన్నాల్లో పైనున్నవాళ్ళకీ కిందనున్నవాళ్ళకీ ఏం గొడవో అర్థమయ్యేది కాదు. ఐదో క్లాసు ఒకసారి తప్పాను. నాకంటే పొట్టిపిల్లలు వచ్చి నా పక్కన కూర్చున్నారు. రెండో ఏడు పరీక్షలకి ముందు నాయన నన్ను పిలిచి, కేకలేయకుండా, చాలా మామూలుగా చెప్పాడు.

"ఈ తూరి తప్పినావంటే ఇస్కూలు చాలు. మీ అమ్మతో షెడ్డుకి పో. చేతిపనన్నా వస్తాది."

తిట్టి ఉంటే నేను అంత భయపడేదాన్ని కాదు. మా నాయన తిట్లన్నీ అరగంటలో ఆవిరైపోయేవి. ఇలా మెల్లగా చెప్పిన మాటలు మాత్రం నిలిచిపోయేవి. అమ్మ వేళ్ళ కొసలు నాకు తెలుసు. దబ్బనం దిగి దిగి అక్కడ చర్మం గట్టిపడి, నా చెంప నిమిరితే గీసుకునేది. షెడ్డు అంటే నాకు ఆ వేళ్ళు గుర్తొచ్చేవి.

పరీక్షలకి ముందు ఆదివారం మా గుళ్ళో కలాల ప్రార్థన జరిగేది. మేం చర్చిని గుడి అనే అనేవాళ్ళం. పిల్లలందరం మా కలాలు తెచ్చి ముందర బల్లమీద ఉన్న ఇత్తడి పళ్ళెంలో పెట్టేవాళ్ళం. అయ్యగారు, అంటే మా పాస్టరు, వాటిమీద తెల్లగుడ్డ కప్పి, చేతులు పెట్టి ప్రార్థన చేసేవాడు. తర్వాత వరసలో వెళ్ళి ఎవరి కలం వాళ్ళు తీసుకోవాలి. అప్పట్లో అందరివీ ఒకే రకం, కొయ్యకాడకి పాళీ గుచ్చినవి, ఒకే కొట్లో కొన్నవి. నా కలం కాడ చివర మాత్రం నేను లెక్కలు చేసేటప్పుడల్లా కొరికి కొరికి పీచు లేచిపోయింది. టీచరమ్మ కూతురి కలానికి నీలం దారం చుట్టి ఉండేది. వాళ్ళమ్మ మా బళ్ళోనే చిన్న క్లాసులకి టీచరు, ఆదివారం మాకు గుళ్ళో పాటలు నేర్పేది. ఆ పిల్ల క్లాసులో ఎప్పుడూ ఫస్టు. వరసలో నేను ఆమెకి ముందున్నాను.

అయ్యగారి చెయ్యి తగిలిన కలం నాది. అయితే ఇంతకుముందు ఏడు కూడా తగిలింది, ఏం ఒరిగింది? నీలం దారం కలం ఎలాగూ లెక్కలు తెలిసిన కలం, దానికి ప్రార్థన కూడా తోడైతే తిరుగేముంది అనుకున్నాను. పళ్ళెంలో చెయ్యిపెట్టి నీలం దారాన్ని పట్టుకుని లాగేశాను. గౌను మడతల్లో దాచుకుని, పాటలో అందరికంటే గట్టిగా గొంతు కలిపాను. వెనక్కి తిరిగి చూసే ధైర్యం మాత్రం లేకపోయింది.

ఆరోజే అయ్యగారు వాక్యం చెబుతూ, దేవుణ్ణి ఏదైనా అడిగినవాళ్ళు అది దొరికాక కృతజ్ఞత చెప్పడం గొప్పకాదు, దొరకకముందే దొరికిందని నమ్మి చెప్పడం గొప్ప అన్నాడు. అయ్యగారిది గుంటూరు వైపు. పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడేవాడు. మా పేటలో చాలామందికి ఆయన చెప్పింది సగమే అర్థమయ్యేది. మా అవ్వకి ఆరోజు మొత్తం అర్థమైంది. కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

లెక్కల పరీక్షరోజు నీలం దారం కలం అందంగా రాసింది. సిరా మరకలు పడలేదు, పాళీ గీరుకోలేదు. ప్రశ్నలన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో కాగితంమీదికి దింపాను. జవాబులుండాల్సిన చోట కూడా కొన్ని ప్రశ్నలే మళ్ళీ రాశాను. కలం మారినా బుర్ర మారలేదని గంట కొట్టేటప్పటికి తెలిసింది. ఇంటికొస్తే అవ్వ గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"రాసినావా?"

"రాసినా."

"అంతా రాసినావా?"

"కాగితం నిండా రాసినా."

అవ్వ నా ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆమె అరచేతులు కొబ్బరి వాసన కొట్టాయి. నేను చెప్పిందాంట్లో అబద్ధం లేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

తర్వాత ఆదివారం సాక్ష్యాల సమయం వచ్చింది. మా గుళ్ళో జ్వరం తగ్గినవాళ్ళూ, పోయిన వస్తువు దొరికినవాళ్ళూ, రేవులో పని దొరికినవాళ్ళూ లేచి ఆ మేలు చెప్పి, కానుక పెట్టి కూర్చునేవాళ్ళు. ఆడవాళ్ళ వైపునుంచి అవ్వ లేచింది. చంకలో బుట్ట. బుట్టలోంచి నల్ల పెట్ట తల బయటపెట్టి సంఘాన్నంతా ఒకసారి కలయజూసింది. మా ఇంట్లో రోజు విడిచి రోజు గుడ్డు పెట్టే కోడి అది. ఆ గుడ్డు నాదే.

"మా బిడ్డ ఐదో క్లాసు పాసయ్యింది. దేవునికి స్తోత్రం," అంది అవ్వ.

సంఘమంతా గట్టిగా స్తోత్రం అంది. ఫలితాలు రావడానికి ఇంకా నెల ఉంది. అయ్యగారికి ఆ సంగతి తట్టిందో లేదో తెలియదు. తన వాక్యాన్ని ఇంత గట్టిగా పట్టుకున్న మనిషిని చూసి ఆయన కళ్ళు చెమర్చాయి. మగవాళ్ళ వైపున కూర్చున్న నాయన మాత్రం తిరిగి నావైపు చూశాడు. నేను కిందికి, చాపమీదికి చూశాను. చాపలో ఎన్ని పోగులున్నాయో లెక్కపెట్టాను. అదొక్క లెక్కే ఆ నెలలో నాకు సరిగ్గా వచ్చింది.

ఆ నెల ఎలా గడిచిందో చెబితే ఇప్పుడు నవ్వొస్తుంది. అయ్యగారి ఇల్లు బజారుకి పోయే దారిలో ఉండేది. వాళ్ళ పెరట్లో నల్ల పెట్టని తాడుతో కట్టారు. నేను అటు వెళ్ళినప్పుడల్లా అది గింజలు ఏరుకోవడం మానేసి, ఒక కంటితో నన్నే చూసేది. నేను రోడ్డు దాటి అవతలి పక్కనుంచి నడిచేదాన్ని. పుచ్చకాయ ముక్కలమ్మేవాడి దగ్గర నిలబడినా, గోడలెక్కి ఉప్పూ కారం అద్దిన మామిడికాయ తింటున్నా, మధ్యలో ఆ కోడి కన్ను గుర్తొచ్చి పులుపు కూడా తెలిసేది కాదు.

ఫలితాలు బడి గేటుకి అంటించారు. నా పేరు పైనుంచి కిందికి వెతికాను, కిందనుంచి పైకి వెతికాను. లేదు. టీచరమ్మ కూతురి పేరు మొట్టమొదట ఉంది. అప్పుడు నాకు ఒక సంగతి తోచింది. అవ్వ నెల్లాళ్ళు ఆపాలు మాడ్చి చేసిన ప్రార్థనంతా నా కలంమీద ఉంది. ఆ కలం ఆ పిల్ల చేతికి పోయింది. నా ప్రార్థనతో ఆ పిల్ల ఫస్టు వచ్చింది. ఇందులో నాకు అనుమానమే లేకపోయింది. ఏడుస్తూ ఇంటికి పోయాను.

నాయన అమ్మతో, "సోమవారం నుంచి దీన్ని తోడుకోనిపో," అన్నాడు. ఆ సోమవారమే బళ్ళు తెరుస్తారు. అమ్మ తలూపి, మూలనున్న డబ్బాలోంచి ఇంకో దబ్బనం తీసి, కొస బాగుందో లేదో బొటనవేలితో చూసింది.

మర్నాడు పొద్దున అవ్వ పోసిన ఆపాలు ఒక్కటి కూడా మాడలేదు. అంచులు బంగారు రంగులో, నడుమ మల్లెపువ్వులా ఉన్నాయి. రిక్షాతాత మెచ్చుకుంటూ మూడు తిన్నాడు. అవ్వ పెదాలు కదులుతున్నాయా అని నేను పక్కనే కూర్చుని చూశాను. పరలోక ప్రార్థన చెప్పింది, ఆమేన్ అంది, మూత తీసింది. నా పేరు చెప్పలేదు. నా ప్రాణం ఉసూరుమంది. అవ్వకి నామీద విసుగొచ్చిందని అర్థమైంది. నేను తప్పడం కంటే నాకు అదే ఎక్కువ బాధ అయింది.

అందరూ తిని వెళ్ళిపోయాక నీలం దారం కలం తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాను. మొత్తం చెప్పేశాను. పళ్ళెంలోంచి లాగింది, కాగితంనిండా ప్రశ్నలు రాసింది, ప్రార్థన ఆ పిల్లకి పోయింది, అన్నీ.

అవ్వ కలాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. తర్వాత ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"పిచ్చిమొగందానా! నేను కట్టెపుల్లకి చేసినానా ప్రార్థన? నీకు గదా చేసింది! కలం పోతే నువ్వు యాడికి పోయినావు? ఈడనే ఉండావు గదా!"

"మరి నేను తప్పినా గదా అవ్వా."

"తప్పినావు. నేనూ తప్పినా. నువ్వు పాసయ్యేసినావని దేవునితో నేనే చెప్పేసినా. ఆయన చెప్పకముందే నేను చెప్పినా. పొద్దున్నించీ నీ పేరు ఎత్తేదానికి నాకు మొగం చెల్లలా, తెల్సా?" అని నన్ను దగ్గరికి లాక్కుంది. ఆమె విసుక్కోలేదు, సిగ్గుపడింది. అది తెలిశాక నాకు మళ్ళీ ఏడుపొచ్చింది, ఈసారి హాయిగా ఏడ్చాను.

ఆ సాయంత్రమే అయ్యగారు మా సందులోకి వచ్చాడు. చంకలో నల్ల పెట్ట ఉంది. తెల్ల లాల్చీకి ఈకలు అంటుకుని ఉన్నాయి.

"అవ్వగారూ, ఇది మీదేనండి. ఫలితం వినగానే మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. ఇది పెట్టిన గుడ్లు మాత్రం తినేశాం, అందుకు మన్నించాలి," అన్నాడు.

"ఇచ్చిందాన్ని నేను తీసుకోను అయ్యగారూ. మీరు ఆదివారం నాకు సాక్ష్యం చెప్పేదానికి ఒక నిమిషం ఇయ్యండి. అదే చాలు."

"ఏం సాక్ష్యమండీ?"

"ఆ పొద్దు చెప్తా."

అయ్యగారు కోడిని చంకలో పెట్టుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. కోడి ఆయన భుజంమీంచి నన్ను చూస్తూ పోయింది.

ఆదివారం అవ్వ ఉతికిన తెల్లచీర కట్టుకుంది. సాక్ష్యాల వేళ ఆమె లేవగానే గుళ్ళో గుసగుసలు వినిపించాయి. నేను తప్పిన సంగతి అప్పటికే పేటంతా తెలుసు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్ళు గరుకుగా, వెచ్చగా ఉన్నాయి.

"పోయిన నెల ఈడనే నిలబడి నా మనవరాలు పాసయ్యిందని చెప్పినా," అంది అవ్వ. "ఆ బిడ్డ పాసు కాలా. తప్పింది. ఇది రెండో తూరి. నేను తొందరపడి నోరు జారినా. దేవుణ్ణి క్షమించమని అడిగినా. మిమ్మల్నీ అడుగుతుండా."

ఎవరో మగాయన దగ్గి ఊరుకున్నాడు.

"అయ్యగారు కోడిని తిరిగి తెచ్చినారు. నేను తీసుకోలా. పాసయ్యే బిడ్డలు ఎట్టన్నా పోతారు. తప్పిన బిడ్డ కోసరం గదా మనం మోకాళ్ళెయ్యాల్సింది. ఈ గుళ్ళో ఇన్నేండ్లుగా ఇంతమంది సాక్ష్యం చెప్పినారు. తప్పిన బిడ్డ గురించి ఒక్కరన్నా లేచి చెప్పినారా? ఏం, మన ఇండ్లల్లో ఎవురూ తప్పలేదా?"

అవ్వ ఊపిరి తీసుకుని మగవాళ్ళ వైపు తిరిగింది.

"ఆ పొద్దు మీరంతా గట్టిగా స్తోత్రం అన్నారు. నా చెవులారా విన్నా. అన్న మాటని ఇప్పుడు ఎట్ట వెనక్కి తీసుకుంటారు? ఆ స్తోత్రం ఈ బిడ్డకి ఇంకో ఏడు కావాల. ఇంకో ఏడు ఇది ఇస్కూలుకి పోవాల. అదో, నా కొడుకు ఆడ కూసోనుండాడు. ఇంట్లో చెప్తే వాడికి కోపం వస్తాది. అందుకే మీ ముందర అడుగుతుండా."

అని కూర్చుంది. నాయన తల వంచుకునే ఉన్నాడు. ఆయన మెడ వెనకభాగం ఎర్రబడింది. నాకు నాయనమీద జాలేసింది. అంతమందిలో తల్లి అలా అడిగితే ఏ మనిషి మాత్రం ఏం చేస్తాడు?

కాసేపటికి వెనక వరసలోంచి ఒక ముసలి గొంతు, "స్తోత్రం," అంది. తర్వాత ఇంకొకటి. అంతలో నీళ్ళు మోసే ఆమె ఒకతె లేచి, "మా వోడు మూడు తూర్లు తప్పినాడు. ఎవురికీ చెప్పలా. ఊరికి పోయినాడని చెప్పినా," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె కూర్చోకముందే ఇంకో ఆమె లేచింది. సంఘ పెద్ద ఒకాయన లేచి, తన కొడుకు సంగతి మొదలుపెట్టి, చివరికి తను కూడా ఎనిమిదో క్లాసు తప్పానని ఒప్పుకున్నాడు. జనం నవ్వారు, ఆయనా నవ్వాడు. టీచరమ్మ లేచి, తప్పిన పిల్లలందర్నీ సాయంత్రంపూట తన ఇంటికి పంపమంది. ఆరోజు వాక్యం చెప్పడానికి అయ్యగారికి సమయం మిగల్లేదు. ఆయన ముందుకొచ్చి, "ఈవేళ వాక్యం అయిపోయింది," అని దీవెన చెప్పి పంపించేశాడు.

ఆ సాయంత్రం నాయన సముద్రం వైపు ఒక్కడే వెళ్ళి వచ్చాడు. ఏమీ తేలకుండానే మేమంతా పడుకున్నాం.

సోమవారం పొద్దున అమ్మ తన సంచీలో రెండు దబ్బనాలూ వేసుకుని గుమ్మం దగ్గర నిలబడింది. ఆమెకీ ఏం చెయ్యాలో తెలియలేదు. నేను ఆమె పక్కన నిలబడ్డాను. అవ్వ పొయ్యి దగ్గర పిండి పోసి, చట్టి తిప్పి, మూత పెట్టింది. పరలోక ప్రార్థన మొదలుపెట్టింది. చివరికొచ్చింది. ఆమేన్‌కి ముందర నా పేరు చెప్పింది. ఆ తర్వాత చాలా చెప్పింది. ఏం చెప్పిందో పెదాల కదలిక తప్ప నాకు వినపడలేదు. పొగ లేచింది. ఎవరూ ఆమెని పిలవలేదు. మూత తీసేటప్పటికి ఆపం అంచు నల్లగా మాడి ఉంది. ఎప్పటిలాగే దాన్ని పక్కన పెట్టుకోబోయింది.

కంచం ముందు కూర్చున్న నాయన చెయ్యి చాచాడు.

"ఆ మాడింది నాకెయ్యి అమ్మా."

అవ్వ తలెత్తి చూసింది. వేసింది. నాయన దాన్ని తుంచి, కొబ్బరిపాలలో ముంచి, మాడిన అంచుతో సహా తిన్నాడు. ఒక ముక్క కూడా వదల్లేదు. తింటూనే అమ్మవైపు చూసి, "నువ్వు పో, పొద్దెక్కతాది. అది ఇస్కూలుకి పోతాది," అన్నాడు. అమ్మ సంచీలోంచి ఒక దబ్బనం తీసి డబ్బాలో పడేసింది. అది పడిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఆ ఏడాదంతా అవ్వ రోజూ నా పేరు చెప్పింది. రోజూ ఒక ఆపం మాడింది. దాన్ని నాయన అడిగి మరీ వేయించుకున్నాడు. మా నాయన పైకి ప్రార్థన చేయగా నేను ఎప్పుడూ వినలేదు. గుళ్ళో కూడా పెదాలు బిగించుకునే కూర్చునేవాడు. ఆయన చేయాల్సింది ఆ మాడిన ఆపం తింటూ చేశాడని నాకు పెద్దయ్యాక తెలిసింది.

టీచరమ్మ ఇంట్లో మొదటిరోజే నీలం దారం కలాన్ని ఆమె కూతురికి తిరిగి ఇచ్చాను. "నాకు తెల్సులే. నీ పళ్ళ గుర్తులు నాకు తెలీవా?" అంది ఆ పిల్ల. నా కలం తెచ్చి ఇచ్చింది. చివర కొత్తగా ఇంకో వరస పళ్ళ గుర్తులున్నాయి. దానితో రాసేటప్పుడు ఆమెకీ కొరకడం అలవాటైపోయిందట. ఆమే నాకు దించాల్సిన అంకెని ఎలా దించాలో, ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా చెప్పింది.

మూడో తూరి గట్టెక్కాను. ఫస్టూ కాదు, పదో స్థానమూ కాదు, ఒడ్డు పట్టుకుని ఎక్కాను. అవ్వ ఈసారి తనే బడి గేటుదాకా నడిచి వచ్చి, కాగితంమీద నా పేరు ఎక్కడుందో వేలు పెట్టించి చూసుకున్నాకే సాక్ష్యం చెప్పింది. ఇవ్వడానికి కోడి లేదు. ఆపాలు చేసి గుడికి పట్టుకొచ్చింది. తర్వాత పడుతూ లేస్తూ చదువుకుని, కార్పొరేషన్ బళ్ళో కుట్లు అల్లికల టీచరునయ్యాను. దబ్బనం తప్పించుకుని చివరికి సూది దగ్గరికే చేరానని అమ్మ నవ్వేది. నా క్లాసులో లెక్కలు తప్పిన పిల్లలు చాలామంది వచ్చి కూర్చునేవాళ్ళు. ఎందుకొచ్చారని నేనెప్పుడూ అడగలేదు.

అవ్వ పోయింది, నాయన పోయాడు, అమ్మా పోయింది. ఆ సందు పోయింది. అక్కడిప్పుడు పెద్ద పెద్ద లారీలు నిలబడతాయి. ఆప చట్టి మాత్రం నా దగ్గరుంది. అడుగు పల్చబడింది, ఇక ఎక్కువకాలం ఆగదు.

నిన్న పొద్దున పక్కింటి పిల్ల స్నానం చేసి తడిజుట్టుతో వచ్చింది. చట్టి గ్యాసు మీద పెట్టాను. పిండి పోసి, తిప్పి, మూత పెట్టి కళ్ళు మూసుకున్నాను. ఇంట్లో ఇప్పుడు మూడు గడియారాలున్నాయి. అయినా ఆపానికి ఇంకో కొలత నాకు తెలియదు. చివరికొచ్చి ఆ పిల్ల పేరు చెప్పాను. ఫిజిక్స్ చెప్పాను. గోడలోంచి వినపడే ఏడుపు గురించి చెప్పాను. తర్వాత ఇంకా ఏవేవో గుర్తొచ్చాయి.

"మామ్మా, పొగ!" అని అరిచింది.

కళ్ళు తెరిచి మూత తీశాను. రెండోది జాగ్రత్తగా, తెల్లగా పోసి ఆ పిల్ల ప్లేట్లో వేశాను. పెన్నుల ప్యాకెట్టు తెచ్చి పక్కన పెట్టాను.

"వీటిమీద ప్రేయర్ చేసేశావా?"

"వాటిమీద చెయ్యలేదు. నీకు చేశాను."

"అయితే పాసవుతానా?"

"నాకు తెలియదు తల్లీ. పాసైతే సాయంత్రం తీరిగ్గా రా. తప్పితే మాత్రం పొద్దున్నే ఇక్కడికే రా."

ఆ పిల్ల తల వంచుకుని తినడం మొదలుపెట్టింది. మాడింది నేను వేసుకున్నాను.